వరంగల్ నుంచి మూడు రోజులు: ములుగు దిక్కా, కరీంనగర్ దిక్కా, ఆదిలాబాద్ దిక్కా?

దసరా సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా ఇంట్లో ఫోన్ మోగడం మొదలవుతుంది. హన్మకొండలో ఉంటున్న పాపానికి చుట్టాలందరికీ మేమే టూరిస్టు ఆఫీసు. ఈసారి హైదరాబాద్ నుంచి మా చిన్నాన్న కొడుకు చేశాడు. "అన్నా, మూడు రోజులు దొరికినయ్. అమ్మ, మేమిద్దరం, పిల్లలిద్దరు. రామప్ప, లక్నవరం, బొగత, కాళేశ్వరం, వేములవాడ, వీలైతే కుంటాల. ఎట్ల పోదాం చెప్పు" అన్నాడు. అన్నీ పోలేం తమ్మీ అన్నాను. వాడు చదివిన లిస్టులో మూడు వేర్వేరు దిక్కులున్నాయి. పట్టుబట్టి తిరిగితే మూడు రోజులూ కారు సీట్లోనే గడిచిపోతాయి, పిల్లలకు గుర్తుండేది టోల్ గేట్లూ వాంతులూ మాత్రమే.

ఏటా నలుగురైదుగురు ఇదే ప్రశ్న అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాసి పెడుతున్నా. వరంగల్ నుంచి చూస్తే తిరగదగ్గ దారులు ముఖ్యంగా మూడు. ఒకటి ములుగు మీదుగా గోదావరి దాకా పోయే అడవి దారి, రెండోది కరీంనగర్, వేములవాడ, జగిత్యాల, ధర్మపురి, మూడోది బాగా పైకి, నిర్మల్, ఆదిలాబాద్, ఆసిఫాబాద్. కాళేశ్వరం, మంథని వేరే లెక్క, దాని సంగతి తర్వాత చెబుతా. ఒక ట్రిప్పుకు ఒక దిక్కే పట్టుకోండి, అంతకు మించి పెట్టుకోకండి. ఏ దిక్కన్నది రీల్స్ చూసి తేల్చుకోకుండా, బండిలో ఎవరెవరు ఎక్కుతున్నారో, అది ఏ నెలో చూసుకుని తేల్చుకోండి. మిగతాదంతా దాన్ని బట్టే వస్తుంది.

అసలు సంగతికి వచ్చే ముందు, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లలో సగం మంది వరంగల్‌ను టిఫిన్‌కు ఆగే ఊరిలా చూస్తారు, అది నాకు కడుపు మంట. ఒక పూట ఇక్కడ పెట్టండి. వేయిస్తంభాల గుడి రుద్రదేవుడు 1163లో కట్టించింది. దాని ముందున్న కల్యాణ మండపాన్ని బాగు చేయడానికి 2006లో విప్పారు, మళ్లీ నిలబెట్టి జనానికి తెరిచేసరికి 2024 మార్చి వచ్చింది. మా పెద్దోడు పుట్టిన ఏడాది విప్పిన మండపాన్ని వాడు కాలేజీకి పోయే వయసులో చూశాడన్నమాట. సాయంత్రం ఎండ తగ్గాక ఖిలా వరంగల్ పోండి. రాష్ట్ర చిహ్నంలో కనిపించే తోరణం ఇక్కడిదే. అలాంటివి నాలుగు, నాలుగు దిక్కులా నిలబడి ఉంటాయి, మధ్యలో ఒకప్పుడు స్వయంభూ శివాలయం ఉండేది, ఇప్పుడు దాని స్తంభాలూ దూలాలూ విరిగిన శిల్పాలూ నేల మీద పరుచుకుని ఉన్నాయి. గుడి పోయి గడపలు మిగిలినట్టు ఉంటుంది. పక్కనే ఖుష్ మహల్ కూడా చూసేయొచ్చు, పది నిమిషాల పని.

ఇక ములుగు దిక్కు. మొదటిసారి వచ్చేవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే, ఎందుకంటే రాయి, నీళ్లు, అడవి మూడూ ఒకే రోడ్డు మీద దొరుకుతాయి. పొద్దున ఆరింటికి హన్మకొండలో బయల్దేరితే దాదాపు 65 కిలోమీటర్లు, ఏడున్నరకల్లా పాలంపేటలో రామప్ప గుడి ముందు ఉంటారు. ఆ పూట జనం ఉండరు, వెలుగు కూడా గుడి మీద ఏటవాలుగా పడుతుంది, ఎర్రటి ఇసుకరాయి కాస్త వేడెక్కుతున్న రంగులో కనిపిస్తుంది. పదకొండు దాటితే బస్సుల్లో బడిపిల్లలు దిగుతారు, ఇక ఎవరి మాట ఎవరికీ వినపడదు.

గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది, 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కట్టించిన సేనాని పేరు పక్కకు పోయి చెక్కిన శిల్పి పేరే గుడికి నిలిచిందని ఇక్కడందరూ చెప్పుకుంటారు. చాలామంది లోపలికి పోయి దండం పెట్టుకుని, నంది దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు. మీరు అట్లా చేయకండి. బయట చూరు కిందికి వచ్చి తల పైకెత్తండి. స్తంభం మీది నుంచి కప్పుకు ఏటవాలుగా ఆనించిన నల్లరాతి ఆడబొమ్మలు కనిపిస్తాయి, మదనికలంటారు. అందులో ఒకామె కాళ్లు చూడండి. ఎత్తు మడమ చెప్పులేసుకుని ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి చెప్పులు, పట్టీ ఎక్కడ పాదాన్ని ఒరుసుకుంటుందో కూడా తెలుస్తుంది. మా చిన్నది మొదటిసారి చూసి "అమ్మ చెప్పులు" అని అరిచింది, గైడు కూడా నవ్వాపుకోలేకపోయాడు. గైడును మాట్లాడుకోండి, వృథా పోదు. నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో పైన శిఖరం ఎందుకు కట్టారు, పునాదిలో ఇసుక ఎందుకు నింపారు అన్నవి ఆయన చెబుతుంటే అక్కడక్కడ ఎగుడుదిగుడైన నేల మీద నిలబడి వినడం వేరు, ఇంట్లో ఫోన్‌లో చదవడం వేరు.

అక్కడి నుంచి పదికిలోమీటర్ల దూరంలో గణపురం కోటగుళ్లు. ఇరవై రెండు గుళ్ల సముదాయం, చాలా వరకు శిథిలమే. రామప్పకు వచ్చిన వందమందిలో పదిమంది కూడా ఇటు రారు, అందుకే నాకు ఇష్టం. గడ్డిలో కూర్చుని తెచ్చుకున్న సర్వపిండి తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు, చెత్త మాత్రం మీ వెంటే తీసుకుపోండి.

మధ్యాహ్నానికి మళ్లీ జాతీయ రహదారి ఎక్కి చల్వాయి దగ్గర తిరిగితే లక్నవరం. కొండల మధ్య కాకతీయుల నాటి చెరువు, లోపల దీవులు, దీవికి దీవికీ వేలాడే వంతెనలు. ఇక్కడ ఒకటే షరతు, ఆదివారం పోకండి. ఆదివారం ఆ వంతెన మీద నడవడం మేడారం జాతరలో క్యూలో నిలబడ్డట్టే ఉంటుంది, కదిలేది వంతెనో మనమో తెలియదు. అదే మంగళవారమో బుధవారమో సాయంత్రం ఐదింటికి పోతే నీళ్ల మీద కొండల నీడ తప్ప ఏమీ కదలదు. రాత్రి అక్కడే ఉండాలనుకుంటే పర్యాటక శాఖ హరిత కాటేజీలున్నాయి, సెలవు రోజుల్లో ముందే బుక్ చేసుకోకపోతే దొరకవు. ఎండాకాలం నీళ్లు తగ్గి అంచులన్నీ బురద తేలుతుంది, ఏప్రిల్, మేలో అయితే దీనికోసం రాకండి.

రెండో రోజు పస్రా దాటి తాడ్వాయి దారి. నాకైతే ఈ దిక్కు మొత్తంలో ఇదే అసలు సరుకు. రోడ్డుకు రెండు పక్కలా అడవి, మధ్యమధ్య గుడిసెల ముందు ఎండబెట్టిన వడ్లు, ఎవరి పనిలో వాళ్లుండే మేకలు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో ఒక్క సాయంత్రం వీచిన గాలికి వేల చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. మేం ఆ తర్వాత పోయినప్పుడు మా నాన్న మాట్లాడకుండా చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మేడారం జాతర రెండేళ్లకోసారి, సరి సంవత్సరాల్లో మాఘ పౌర్ణమి రోజుల్లో వస్తుంది. జాతరకే వస్తే సరే, టూర్ పేరుతో మాత్రం ఆ నెలలో ఈ రోడ్డెక్కకండి. జాతర లేనప్పుడు మేడారం వేరే ఊరు. గద్దెల దగ్గర పది, ఇరవై మంది, నిలువెత్తు బంగారం ఇచ్చేవాళ్లు బెల్లం తూకం వేయించుకుంటూ ఉంటారు, అమ్మవార్లను నిమ్మళంగా చూసుకోవచ్చు.

బొగత సంగతికొస్తే, ఇక్కడే జనం తప్పు చేస్తారు, నేనూ చేశాను. వాజేడు మండలంలో ఉంది, హన్మకొండ నుంచి దాదాపు 140 కిలోమీటర్లు, ఏటూరునాగారం దాటి గోదావరి మీది వంతెన ఎక్కి అవతలికి పోవాలి. ఓ ఏడాది జూలై చివర్లో పొద్దున రామప్ప, మధ్యాహ్నం బొగత అని లెక్కేసుకుని బయల్దేరాం. దారిలో భోజనానికి గంటన్నర పోయింది, చేరేసరికి మూడు దాటింది, పైన వానలకు నీళ్లు ఎక్కువయ్యాయని లోపలికి వదలడం ఆపేశారు. హోరు వినపడుతోంది, జలపాతం కనపడదు. తిరుగు ప్రయాణంలో చీకటి, వాన, సిగ్నల్ లేదు, రాత్రికి బుక్ చేసుకున్న ఒక రిసార్టు వాళ్లేమో ఎనిమిదైనా రాలేదని మా గదులు ఇంకొకరికి ఇచ్చేశారు. డబ్బులు వెనక్కి రావడానికి రెండు నెలలు పట్టింది. కాబట్టి బొగత కావాలంటే దానికి ఒక రోజు పూర్తిగా ఇవ్వండి, పొద్దున పదికల్లా అక్కడ ఉండండి, బయల్దేరే ముందు ఏటూరునాగారంలో ఎవరినైనా అడగండి. సెప్టెంబర్ రెండో సగం నుంచి అక్టోబర్ దాకా మేలు, నీళ్లూ ఉంటాయి, తెరిచీ ఉంటుంది.

వాన గురించి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2023 జూలై చివరి వారంలో రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో, ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. మన దగ్గర ఏడాదికి పడే వానలో సగానికి పైన అన్నమాట. అదే వారంలో ముత్యంధార జలపాతానికి పోయిన ఎనభై మంది దాకా వాగు పొంగి అడవిలో చిక్కుకుపోతే రాత్రికి రాత్రి సహాయ బృందాలు పోయి తెచ్చాయి. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ అన్న రోజున ఈ దిక్కు పెట్టుకోవద్దు, గది డబ్బులు పోతే పోనీయండి.

రెండోది కరీంనగర్ దిక్కు. చూడ్డానికి మామూలు రోడ్డు, వరి పొలాలు, ఊరి తర్వాత ఊరు. అడవి, జలపాతం ఆశించి వచ్చేవాళ్లకు నచ్చదు, ముందే చెబుతున్నా. కానీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, మొక్కులుంటే, బస్సులో తిరిగేవాళ్లైతే దీన్ని మించింది లేదు. ఎటు పోయినా గంటకో బస్టాండ్, మంచి హోటల్, మందుల షాపు, ఆస్పత్రి ఉంటాయి. బీపీ గోలీ మర్చిపోయి అడవిలోకి పోయినవాళ్లకు తెలుస్తుంది దీని విలువ.

హన్మకొండ నుంచి కరీంనగర్ 70 కిలోమీటర్లు. ఊరు దాటి కాస్త దూరం పోతే మానేరు ఒడ్డున ఎలగందుల ఖిల్లా. ఒకప్పుడు జిల్లా కేంద్రం ఇదే, నిజాం కాలంలో 1905లో కరీంనగర్‌కు మార్చారు, అప్పటి నుంచి ఎలగందుల మెల్లగా పల్లెటూరైపోయింది. కాకతీయుల నుంచి అసఫ్ జాహీల దాకా ఐదు రాజవంశాలు ఏలిన కోట. మెట్లు ఎక్కడానికి అరగంట పడుతుంది, మోకాళ్లు నొప్పులుండేవాళ్లు కిందే ఉండిపోవచ్చు. పైకెళ్తే ఒక పక్క డ్యాం నీళ్లు, ఇంకో పక్క పచ్చటి పొలాలు. ఎక్కడానికి నాలుగు తర్వాత మంచిది, మధ్యాహ్నం రాయి కాలుతుంది.

కరీంనగర్‌లో వెండి తీగ పని చూడకుండా రావద్దు. ఫిలిగ్రీ అని బోర్డులు ఉంటాయి, 2007లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుకాణంలో కొనడం తర్వాత, ముందు పని చేసే చోటు అడిగి ఒక పావుగంట నిలబడండి. వెండిని తీగలా లాగి, సన్నం చేసి, రెండు పోగులు కలిపి మెలేసి, కాస్త చదును చేసి, చిమటాతో ఆకు అంచులాగా, గడియారం స్ప్రింగు లాగా వంచి చట్రంలో ఇరికిస్తారు. ఆ తీగను వంచేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టడం నేను గమనించాను. చిన్న కుంకుమ భరిణె చూసి ధర ఎక్కువ అనుకున్న మా ఆవిడ, ఆ పావుగంట నిలబడ్డాక బేరం ఆడలేదు. ఇది నా పెళ్లయ్యాక జరిగిన మొదటి వింత.

వేములవాడ అక్కడి నుంచి 35 కిలోమీటర్లు. రాజన్నకు కోడె మొక్కు చెల్లించడం ఇక్కడి ప్రత్యేకం, కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. పట్నంలో పుట్టిన పిల్లలకు కోడె తాడు చేతిలో పెడితే ఆ ముఖాలు చూడాలి. గుడి ఆవరణలో దర్గా కూడా ఉంది, జనం రెండు చోట్లా మొక్కుతారు, ఎవరికీ అది వింతగా అనిపించదు. సోమవారం, శివరాత్రి రోజుల్లో రద్దీ విపరీతం. విస్తరణ పనుల వల్ల దర్శనం ఏర్పాట్లు మారుతుంటాయి, పోయే ముందు కనుక్కోండి.

కొంచెం చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లకు జగిత్యాల రోడ్డులో గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట ఉంది. వేములవాడ చాళుక్యుల కాలంలో, పదో శతాబ్దంలో, కన్నడ కవి పంపని తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనం అక్కడ గుండు మీద ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. అందులో తెలుగు కంద పద్యాలున్నాయి. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా వచ్చేటప్పుడు మన పాతదనానికి చూపించిన ఆధారాల్లో ఇదొకటి. ఇంత గొప్ప చోటుకు పోతే మీకు కనిపించేది గుట్ట, గాలి, మహా అయితే ఇద్దరు మేకల కాపర్లు. రాయి ఎక్కాలి, వానలో జారుతుంది, చెప్పులు మంచివి వేసుకోండి. గుడుల ట్రిప్పు కదా అనుకుని వచ్చిన మా మామయ్య, రిటైర్డ్ తెలుగు పండితులు, అక్కడ అరగంట రాయి మీద చేయి పెట్టి కూర్చుండిపోయారు. వేములవాడ క్యూలో ఆయనకు అంత ఓపిక నేను చూడలేదు.

తర్వాత కొండగట్టు అంజన్నను చూసుకుని జగిత్యాల. అక్కడి కోట నక్షత్రం ఆకారంలో చుట్టూ కందకంతో ఉంటుంది, గంట చాలు. అక్కడి నుంచి ముప్పై కిలోమీటర్ల లోపు ధర్మపురి. ధర్మపురికి పోతే యమపురి ఉండదంటారు, అయితే ఊళ్లో యముడికే గుడి ఉంది, నరసింహస్వామి గుడి ఆవరణలోనే. గోదావరి రేవులో పొద్దున్నే స్నానం, ఇత్తడి చెంబులు, బ్రాహ్మల ఇళ్ల అరుగులు, పాత ఊరి వాసన ఇంకా మిగిలిన చోటు. రాత్రి ఇక్కడ ఉండి తెల్లవారి రేవుకు పోవడమే నా సలహా, మధ్యాహ్నం పన్నెండుకు దిగి దర్శనం చేసుకుని ఒంటిగంటకు కారెక్కితే ధర్మపురి చూసినట్టు కాదు. ఓపికుంటే కోటిలింగాల. శాతవాహనుల తొలి నాణేలు దొరికిన చోటు, ఇప్పుడు ఎల్లంపల్లి వెనక నీళ్లు అంచు దాకా వచ్చాయి, తవ్విన చోట్లు చాలా వరకు వెతుక్కోవాల్సిందే.

మూడోది ఆదిలాబాద్ దిక్కు. ఇది మనసుకు నచ్చినా, మొదటిసారి వచ్చేవాళ్లకు, రెండు రోజులే ఉన్నవాళ్లకు నేను చెప్పను. ములుగు, కరీంనగర్ దిక్కుల్లో ఏది తిరిగినా రానుపోను మొత్తం 350 కిలోమీటర్లకు అటూఇటూ, ఇది 700 దాకా అవుతుంది. లీటరుకు 15 ఇచ్చే బండి అయితే అక్కడ 23 లీటర్లు, ఇక్కడ 47. డబ్బు కంటే నడుము లెక్క పెద్దది. ఒక్క నిర్మల్ చేరడానికే ఐదు గంటలు. నాలుగు రోజులుంటేనే పెట్టుకోండి.

కానీ అక్టోబర్, నవంబర్ నెలల్లో ఆ నాలుగు రోజులుంటే మాత్రం రెండో ఆలోచన వద్దు. పత్తి పగిలి చేలు తెల్లగా ఉంటాయి, వాగుల్లో నీళ్లుంటాయి, చలి ఇంకా కొరకడం మొదలుపెట్టదు. నిర్మల్‌లో కొయ్యబొమ్మల వాళ్ల దగ్గరికి పోండి. పొనికి కర్ర చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. ముక్కలను చింతగింజల ముద్దలో కర్ర పొట్టు కలిపి అతికిస్తారు, పైన సున్నపు మట్టి పూత, తర్వాత రంగులు. సీతాఫలం బొమ్మ చేస్తున్న ఒకాయన పక్కన అసలు కాయ పెట్టుకుని చూస్తూ రంగు వేస్తుంటే, మా వాడు తప్పు కాయ తీసి కొరకబోయాడు.

జలపాతాల్లో కుంటాలా, పొచ్చెరా అని అడుగుతారు. కుంటాల కడెం నది మీద దాదాపు 45 మీటర్ల నుంచి దూకుతుంది, రాష్ట్రంలో ఎత్తైనదని పేరు. కానీ కిందికి నాలుగు వందల మెట్లు దిగాలి, అంతకంటే ముఖ్యంగా ఎక్కాలి. కింద గుండాలు లోతు, రాళ్లు నున్నగా ఉంటాయి, ఎందరో పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న చోటు అది, నీళ్లలోకి దిగకండి. పొచ్చెర ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ, నడక తక్కువ. పెద్దవాళ్లుంటే పొచ్చెర, కుర్రాళ్లైతే కుంటాల, రెండూ చూడాలంటే పొద్దునే కుంటాల ముగించండి. జూలై, ఆగస్టుల్లో నీళ్లు మస్తుగా ఉంటాయి కానీ ప్రమాదం కూడా అంతే.

ఆదిలాబాద్ నుంచి ఇంద్రవెల్లి, ఉట్నూరు, జైనూరు, కెరమెరి, ఆసిఫాబాద్ రోడ్డు నా లెక్కలో తెలంగాణలోకెల్లా అందమైన రోడ్డు. గోండు గూడేలు, గుట్టల మీది నుంచి కిందికి పడే జొన్న చేలు, కెరమెరి ఘాట్ మలుపులు. ఇంద్రవెల్లి దగ్గర స్తూపం కనిపిస్తుంది, 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఆదివాసుల గుర్తు. ఆగి పిల్లలకు చెప్పండి. జైనూరు మండలం మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులున్నాయి, గోండుల మీద ఏళ్ల తరబడి పని చేసిన మానవ శాస్త్రవేత్త ఆయన. 2021లో పద్మశ్రీ అందుకున్న గుస్సాడి నృత్య కళాకారుడు కనకరాజుది కూడా ఆ ఊరే. జోడేఘాట్‌లో కొమరం భీం స్మారకం, ఆదివాసీ మ్యూజియం ఉన్నాయి, 1940లో ఆయన అమరుడైన చోటు. దీపావళికి ముందు రోజుల్లో పోతే దండారి కాలం, నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఊరూరూ తిరుగుతుంటారు. అది వాళ్ల పండుగ, మీకోసం పెట్టిన ప్రోగ్రాం కాదు. అడిగి ఫోటో తీసుకోండి, వద్దంటే తీయకండి. ఉట్నూరులో ఇప్పపువ్వు లడ్డూలు దొరికితే డబ్బా నిండా తెచ్చుకోండి, దారిలోనే అయిపోతాయి.

డిసెంబర్, జనవరిలో ఈ దిక్కు చలి గట్టిది, పిల్లలకు స్వెట్టర్లు లేకుండా తీసుకుపోకండి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర ఉంటుంది, అప్పుడు గదుల కోసం ఆదిలాబాద్‌లోనే ముందు చూసుకోవాలి.

కాళేశ్వరం, మంథని అన్నాను కదా. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు, ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి శివుడిది, ఒకటి యముడిది. హన్మకొండ నుంచి పోయి రావడానికి ఒక రోజు చాలు. దారిలో పరకాల దాటాక పాండవుల గుట్టలో ఆదిమానవుల రంగు బొమ్మలు చూడొచ్చు, తిరుగులో మంథని వీధులు. ఒక్క రోజే సెలవుంటే ఇది పెట్టుకోండి, మూడు రోజుల దాంట్లో ఇరికించకండి. బొగ్గు లారీలు మాత్రం భూపాలపల్లి దగ్గర ఓపికను పరీక్షిస్తాయి.

బస్సులో పోతామనేవాళ్లకు ఒక మాట. ఆధార్‌లో తెలంగాణ అడ్రసున్న ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి టికెట్టు లేదు, కార్డు మర్చిపోకండి. కరీంనగర్ దిక్కు మొత్తం బస్సులోనే అయిపోతుంది. ములుగు దిక్కు రామప్పకు జంగాలపల్లి దగ్గర, లక్నవరానికి చల్వాయి దగ్గర దిగి ఆటో మాట్లాడుకోవాలి, తిరుగు ఆటోకూ అప్పుడే మాట తీసుకోండి. ఆదిలాబాద్ దిక్కు బస్సులో అంటే జోడేఘాట్ లాంటివి వదులుకోవాల్సిందే. కాజీపేట నుంచి మంచిర్యాల దాకా రైల్లో పోయి అక్కడ బండి మాట్లాడుకోవడం ఒక దారి, మా దోస్తులు అట్లా పోయి వచ్చారు, నడుములు బాగానే ఉన్నాయి.

ఇద్దరు చిన్న పిల్లలు, మోకాళ్ల నొప్పుల చిన్నమ్మ, అక్టోబర్ మొదటి వారం. ఇది మా తమ్ముడి లెక్క. వాడి మనసు బొగత మీద ఉంది. చిన్నమ్మకు మాత్రం రెండేళ్లుగా కోడె మొక్కు బాకీ ఉంది, ఆ సంగతి ఫోన్‌లో చివర్న, ఏదో గుర్తొచ్చినట్టు చెప్పాడు. మరి ముందే చెప్పొచ్చు కదా అన్నాను. మొదటి రోజు వరంగల్‌లో ఆగి ఖిలా, వేయిస్తంభాల గుడి. రెండో రోజు పొద్దున కరీంనగర్, వేములవాడ, రాత్రికి ధర్మపురి. మూడో రోజు తెల్లవారుజామున గోదావరి రేవు, వచ్చేటప్పుడు జగిత్యాల కోట, పిల్లలు పేచీ పెట్టకపోతే బొమ్మలగుట్ట కింద దాకా. రామప్ప, లక్నవరం సంక్రాంతికి.

"సరే అన్నా, గట్లనే చేద్దాం" అన్నాడు. ఒక నిమిషం ఆగి, "మూడో రోజు మధ్యాహ్నం ఖాళీగుంటది కదా, అట్నుంచి అటు కుంటాల ఎంత దూరం?" అని అడిగాడు. ఫోన్ వాళ్ల అమ్మకు ఇవ్వమన్నాను.